ఇంటికెళ్లి కబురు చేస్తాం: డ్రాఫ్ట్ ముందు జీఎంల మాటలు

బామ్మర్ది: ఆన్ అయింది బావా, ఇక మాట్లాడొచ్చు. నమస్కారం అందరికీ. న్యూజెర్సీ నుంచి నేను, టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి మా బావ. నేను జెయింట్స్ అభిమానిని, ఆయన కౌబాయ్స్. అయినా మా ఇంట్లో ఇంకా మాటలున్నాయి.

బావ: ఉన్నాయి, మీ అక్క పుణ్యాన. కొత్తగా వింటున్నవాళ్లకి ఒక్క మాట. ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు, ఎన్ఎఫ్ఎల్. కోడిగుడ్డు ఆకారంలో బంతి, నెత్తిన హెల్మెట్. ఏటా ఏప్రిల్ చివర్లో 32 టీములూ కూర్చుని కాలేజీ కుర్రాళ్లని ఏడు రౌండ్లలో ఎంచుకుంటాయి, అదే డ్రాఫ్ట్. నిరుడు బాగా ఓడినవాడికి ముందు ఛాన్స్. ఆ ఛాన్స్‌నే పిక్ అంటారు, దాన్ని ఇంకో టీమ్‌తో వేరే పిక్‌లకో ఆటగాడికో మార్చుకోవచ్చు. ఎవర్ని తీసుకోవాలో తేల్చేది జనరల్ మేనేజర్. ముద్దుగా జీఎం.

బామ్మర్ది: ఆ జీఎం డ్రాఫ్ట్‌కి వారం పది రోజుల ముందు ప్రెస్ ముందుకొస్తాడు. మన ఎపిసోడ్ మొత్తం దాని గురించే. నాకు ఏడాది మొత్తమ్మీద ఇంతకన్నా ఇష్టమైన కామెడీ లేదు బావా. వెనకాల స్పాన్సర్ల బొమ్మల పరదా, ముందు మైకులు, పక్కన మూత తీయని నీళ్ల సీసా. ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడతాడు. లేచి వెళ్లాక విలేకరులు నోట్‌బుక్ చూసుకుంటే అందులో ఒక్క ముక్క ఉండదు.

బావ: నీళ్ల సీసా మూత ఎందుకు తీస్తాడ్రా, ఆయనే నీళ్లు నములుతుంటే!

బామ్మర్ది: (నవ్వు) అదీ పాయింటే.

బావ: నాకు అచ్చం పెళ్లిచూపుల్లా అనిపిస్తుంది. అబ్బాయి తరఫువాళ్లు వచ్చి, స్వీటు హాటు తిని, అమ్మాయి పాట విని, కాఫీ తాగి, లేచేటప్పుడు ఏమంటారు? "మంచి కుటుంబమండీ. అమ్మాయి చాలా బాగుంది. ఇంటికెళ్లి ఏ విషయం కబురు చేస్తాం." అంతే. అవుననీ కాదు, కాదనీ కాదు. వాళ్లు అటెళ్లగానే మన పిన్నులూ అత్తయ్యలూ మొదలుపెడతారు. రెండో లడ్డూ తీసుకున్నాడంటే ఇష్టమేనని ఒకరు, చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి చూడలేదని ఇంకొకరు. మన ఫుట్‌బాల్ అభిమానులు చేసేది అక్షరాలా ఇదే పని.

బామ్మర్ది: అందులోనూ ఒక్కో టీమ్ 30 మంది కుర్రాళ్లని తమ ఆఫీసుకి పిలిపించుకుని మాట్లాడొచ్చు. 30 ఇళ్లలో లడ్డూలు తినొచ్చన్నమాట. ఎవర్ని పిలిచారన్న కబురు బయటికొస్తే చాలు, ఇక్కడ మాకు నిద్రుండదు. మాకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, అక్కర్లేదు కదా, మరి ఈ కుర్రాణ్ని ఎందుకు పిలిచారు? నిజంగా ఇష్టమా, ఇంకో టీమ్‌ని భయపెట్టడానికా?

బావ: లేక భోజనం పెట్టి పంపేద్దామనా.

బామ్మర్ది: సరే, ముందు కాసేపు ఆట ఆడదాం. నేను జీఎంని. మామూలుగా వినపడే మాటలే అంటాను. దాని అసలు అర్థం నువ్వు చెప్పు. "మేం మా బోర్డుని నమ్ముతాం. బెస్ట్ ప్లేయర్ అవైలబుల్ ఎవరైతే వాణ్నే తీసుకుంటాం."

బావ: ఎవర్ని తీసుకున్నా, మా బోర్డులో, అంటే కుర్రాళ్లని వరసగా రాసుకున్న లిస్టులో, పైనున్నది వాడేనని తర్వాత చెబుతాం.

బామ్మర్ది: "ఫోన్ మోగితే ఎత్తుతాం. ఎవరు ఏం ఇస్తామన్నా వింటాం."

బావ: మాకు ఈ పిక్ అక్కర్లేదు మహాప్రభో, ఎవరైనా వచ్చి కొనుక్కోండి.

బామ్మర్ది: "అద్భుతమైన కుర్రాడు. మా ఆఫీసులో అందరికీ నచ్చాడు. వాళ్ల అమ్మానాన్నా కూడా ఎంతో మంచివాళ్లు."

బావ: వాడు మా టీమ్‌లోకి రాడు. అమ్మానాన్నల్ని పొగిడితే ఆ సంబంధం తప్పిపోయినట్టే.

బామ్మర్ది: (నవ్వు) ఆఖరుది. "మా క్వార్టర్‌బ్యాక్ మీద మాకు పూర్తి నమ్మకం ఉంది."

బావ: ఆ కుర్రాడికి ఎవరన్నా ఫోన్ చేసి, సామాన్లు సర్దుకోమని చెప్పండ్రా.

బామ్మర్ది: అక్కడే ఆగు. జనం అంతా జీఎంలు ఏమీ చెప్పరని, గోడమీద పిల్లి వాటమని, కర్ర విరగకుండా పాము చావకుండా మాట్లాడతారని ఎగతాళి చేస్తారు. నా గోల వేరే. నీళ్లు నమిలేవాడితో మనకి ప్రమాదం లేదు బావా. తడుముకోకుండా గట్టిగా మాట ఇచ్చేవాణ్ని చూస్తేనే నాకు భయం.

బావ: ఏంట్రా, తిరగేసి చెబుతున్నావు? మాట ఇచ్చేవాడు మంచోడు కదా?

బామ్మర్ది: చెబుతాను విను. 2019 అరిజోనా కార్డినల్స్. అంతకు ముందేడు, 2018లో, వీళ్లు డ్రాఫ్ట్‌లో 15 నుంచి 10కి ఎగబాకి మరీ జోష్ రోజెన్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నారు. ఆ సీజన్లో 3 గెలిచి 13 ఓడారు. లీగ్‌లో అందరికన్నా అడుగున. కోచ్‌ని ఒక్క ఏడాదికే పంపేశారు. అడుగున ఉన్నారు కాబట్టి 2019లో మొదటి పిక్ వాళ్లదే. కొత్త కోచ్‌గా ఎవర్ని తెచ్చారు?

బావ: క్లిఫ్ కింగ్స్‌బరీ. టెక్సస్ టెక్‌లో పనిచేసినవాడు, మా వైపు మనిషే.

బామ్మర్ది: ఆ కింగ్స్‌బరీ టెక్సస్ టెక్‌లో ఉండగా, 2018 అక్టోబరులో, ఓక్లహోమాతో మ్యాచ్ ముందు ఒక మాటన్నాడు. అవతలి టీమ్‌లో కైలర్ మరీ ఉన్నాడు. నాకే గనక ఛాన్స్ ఉంటే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌తో వాణ్నే తీసుకుంటానన్నాడు. మాట వరసకి అన్నాడు, అప్పుడాయనకి మొదటి పిక్ ఎక్కడిది? మూడు నెలలు తిరిగేసరికి కార్డినల్స్ కోచ్ అయ్యాడు. చేతిలోకి మొదటి పిక్ వచ్చి పడింది. కైలర్ మరీ కూడా బేస్‌బాల్ వదిలేసి ఇటే వస్తానన్నాడు.

బావ: దేవుడు తథాస్తు అన్నాడు.

బామ్మర్ది: అన్నాడు. ఇక ఆ వీడియో ముక్క తిరగని ఫోన్ లేదు. దాంతో కింగ్స్‌బరీ మైకు ముందుకొచ్చి, "జోష్ మా వాడు" అని ధైర్యం చెప్పాడు. గట్టి మాట. ఆ తర్వాత ఫిబ్రవరి చివర ఇండియానాపొలిస్‌లో కంబైన్. కుర్రాళ్లు పరుగులు తీసి, గెంతి చూపించే సంత. అక్కడ జీఎం స్టీవ్ కీమ్‌ని అడిగారు. ఆయనే ప్రశ్న వేసుకుని ఆయనే జవాబు చెప్పాడు. "జోష్ రోజెన్ మా క్వార్టర్‌బ్యాకేనా? అవును, ప్రస్తుతానికి, కచ్చితంగా."

బావ: (పెద్దగా నవ్వు) ప్రస్తుతానికి, కచ్చితంగా! ఆ రెండూ ఒక వాక్యంలో ఎలా ఇరికించాడ్రా మహానుభావుడు!

బామ్మర్ది: మీ ఆవిడ ఉందా అని అడిగితే, ప్రస్తుతానికి ఉంది అన్నట్టు. అభిమానులు వదులుతారా? ఆ వసంతమంతా లీగ్‌లో ప్రతి జోకూ దాని మీదే. ఏప్రిల్ 25న కైలర్ మరీ మొదటి పిక్. మర్నాడు, 26న, రోజెన్ని మయామీకి పంపేశారు. అక్కణ్నుంచి వచ్చింది ఆ ఏటి 62వ పిక్, తర్వాతి ఏడాది ఐదో రౌండ్ పిక్. అంతే. నిరుడు పదో పిక్‌తో తెచ్చుకున్న కుర్రాడు!

బావ: ఆ 62తో ఏం కొన్నారు?

బామ్మర్ది: ఆండీ ఇసాబెల్లా అనే రిసీవర్ని, విసిరిన బంతి అందుకునేవాణ్ని. రెండు పిక్‌ల తర్వాత, 64లో, సియాటిల్ వాళ్లు తీసుకున్న రిసీవర్ పేరు డీకే మెట్‌కాఫ్, తర్వాత పెద్ద స్టార్.

బావ: అయ్యో. కడుపు మండే ముచ్చట అది.

బామ్మర్ది: మండుతుంది. కానీ న్యాయంగా మాట్లాడదాం. కైలర్‌ని తీసుకోవడం తప్పు కాదు, ఆ ఏడాదే అఫెన్సివ్ రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే దాడి చేసే వైపు కొత్తవాళ్లలో మేటి, అయ్యాడు. నేను అంటున్నది మాటల గురించి. "ప్రస్తుతానికి" అన్న జీఎం మాట అక్షరాలా నిజం. "జోష్ మా వాడు" అన్న కోచ్ మాటే తేలిపోయింది. మనం నవ్వింది ఎవర్ని? నిజం చెప్పినవాణ్ని.

బావ: ఒరేయ్, ఇదేదో లాయర్ వాదనలా ఉంది. ఒక్క కేసు పట్టుకుని సూత్రం కట్టేస్తావా?

బామ్మర్ది: రెండో కేసు మా ఇంటిదే. అదే ఏడాది, అదే కంబైన్. మా జెయింట్స్ జీఎం డేవ్ గెటిల్‌మన్. మా స్టార్ రిసీవర్ ఓడెల్ బెకమ్ జూనియర్‌కి ముందేడు ఆగస్టులో ఐదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. ఆయన్ని ట్రేడ్ చేస్తున్నారటగా అని అడిగితే, "ట్రేడ్ చేయడానికి సంతకం చేయించలేదు" అన్నాడు. ఎంత బరువైన మాట! నేను నమ్మేశాను. రెండు వారాలు గడిచాయో లేదో, మార్చి 12న, ఓడెల్ క్లీవ్‌లాండ్ వెళ్లిపోయాడు.

బావ: నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు.

బామ్మర్ది: అయ్యాయి. పైగా ఏప్రిల్‌లో ఆరో పిక్‌తో డేనియల్ జోన్స్‌ని తీసుకున్నాడు. అంత ముందు ఎందుకండీ, 17వ పిక్ కూడా మీదే కదా, అప్పటిదాకా ఆగొచ్చుగా అంటే, ఆ లోపల రెండు టీములు తీసుకునేవని నాకు పక్కాగా తెలుసన్నాడు. ఏ టీములో చెప్పడు. ఇక్కడ ఎడిసన్‌లో మా వాళ్లందరం ఆ రెండు టీములు ఏవా అని ఇప్పటికీ పంచాయితీ పెడతాం.

బావ: ఓడెల్‌కి బదులుగా ఏమొచ్చిందో కూడా చెప్పు, దాచకు.

బామ్మర్ది: ఆ 17వ పిక్ దాంట్లో వచ్చిందే. దాంతో డెక్స్‌టర్ లారెన్స్‌ని తీసుకున్నాడు, లైన్‌లో కొండలాంటి మనిషి, ఒప్పుకుంటాను. మంచి బేరమే. కానీ బేరం చేసుకునేవాడు చేసుకోనని ఒట్టు పెట్టడమెందుకు?

బావ: సరే, నీ సూత్రం తిరగేసి చూపించు. నీళ్లు నమిలినవాడి దగ్గర మనిషి మిగిలాడా ఎక్కడైనా?

బామ్మర్ది: ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నా. 2021 శాన్ ఫ్రాన్సిస్కో. మార్చి 26న ఫార్టీనైనర్స్ వాళ్లు 12 నుంచి 3కి ఎగబాకారు. మయామీకి ఆ 12తో పాటు 2022, 2023 మొదటి రౌండ్ పిక్‌లు, ఒక మూడో రౌండ్ పిక్ ఇచ్చుకున్నారు. అంత పోసి కొన్నారంటే క్వార్టర్‌బ్యాక్ కోసమేనని చిన్నపిల్లాడికీ తెలుసు. మరి ఉన్న జిమ్మీ గరాపొలో సంగతి? డ్రాఫ్ట్ వారం సోమవారం, జీఎం జాన్ లించ్, కోచ్ కైల్ షానహాన్ ఇద్దరూ కూర్చున్నారు. ఆదివారం నాటికి జిమ్మీ టీమ్‌లో ఉంటాడని గ్యారంటీ ఇస్తారా అని విలేకరి అడిగాడు.

బావ: ఆ! నాకు తెలుసు ఇది. నన్ను చెప్పనీ. షానహాన్ అన్నాడు కదా, "ఆదివారం నాటికి ఈ లోకంలో ఎవరైనా బతికుంటారని నేను గ్యారంటీ ఇవ్వలేను, ఇక మా టీమ్‌లో ఎవరుంటారో ఎలా ఇస్తాను" అని!

బామ్మర్ది: (నవ్వు ఆపుకుంటూ) అడిగింది క్వార్టర్‌బ్యాక్ గురించి, చెప్పింది వేదాంతం. పునరపి జననం పునరపి మరణం.

బావ: మా నాన్నగారు ఇన్సూరెన్స్ ఏజెంటుతో కూడా అంత మాట అనలేదురా.

బామ్మర్ది: ఆ రోజు అమెరికా అంతా పడీపడీ నవ్వింది. గురువారం ట్రే లాన్స్‌ని మూడో పిక్‌తో తీసుకున్నారు. మరి ఆదివారం ఏమైంది? లోకం ఉంది. జిమ్మీ కూడా ఉన్నాడు! ఆ సీజన్ ఆడి, టీమ్‌ని ఎన్ఎఫ్‌సీ ఫైనల్ దాకా, అంటే ఛాంపియన్‌ని తేల్చే సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు కింద దాకా, తీసుకెళ్లాడు, రామ్స్ చేతిలో 20–17తో ఓడారు. 2022లో కూడా అక్కడే ఉన్నాడు. మొత్తం రెండు సీజన్లు. గ్యారంటీ లేనివాడు మిగిలాడు, ఇటు "మా వాడు" అన్న రోజెన్ పోయాడు, "ట్రేడ్ చేయం" అన్న ఓడెల్ పోయాడు.

బావ: లాన్స్ మాత్రం నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు స్టార్ట్ చేసి, 2023 ఆగస్టులో ఒక నాలుగో రౌండ్ పిక్‌కి మా కౌబాయ్స్‌కి వచ్చాడు. ఊళ్లో పెళ్లికి ఎవరు పిలిచినా చివరి బంతి భోజనం మా ఇంట్లోనే.

బామ్మర్ది: మూడు మొదటి రౌండ్ పిక్‌లు పోసి కొన్న కుర్రాడు అలా వెళ్లాడు. జిమ్మీకి దెబ్బ తగిలాక ఆ టీమ్‌ని పట్టుకున్నదేమో 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరి పిక్, 262వ వాడు, బ్రాక్ పర్డీ. 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు. ఇన్ని రహస్యాలు, ఇంత గుంభనం, తీరా పనికొచ్చింది ఎవరూ అడగని కుర్రాడు. పర్డీ గురించి ప్రెస్ మీట్‌లో ఎవరన్నా ప్రశ్న వేశారా? ఎవరన్నా నీళ్లు నమిలారా?

బావ: సరే, నేనూ ఒక సాక్షిని తెస్తా. చికాగో. 2023 జనవరిలో జీఎం రయాన్ పోల్స్. మొదటి పిక్ చేతిలో ఉంది. జస్టిన్ ఫీల్డ్స్‌ని మార్చి కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకోవాలంటే నాకు మతిపోయేంత గొప్పవాడై ఉండాలన్నాడు. గట్టి మాటే కదా? నిలబడ్డాడు. ఆ మొదటి పిక్‌ని కరోలైనాకి అమ్మేసి, డీజే మూర్‌ని, బోలెడు పిక్‌లని తెచ్చుకుని, ఫీల్డ్స్‌ని ఉంచుకున్నాడు. నీ సూత్రం కుంటిదైంది.

బామ్మర్ది: ఎన్నాళ్లుంచుకున్నాడు?

బావ: ...ఒక ఏడాది.

బామ్మర్ది: 2024 మార్చిలో ఒక ఆరో రౌండ్ పిక్‌కి పిట్స్‌బర్గ్ పంపాడు. ఆ ఏడాది మొదటి పిక్‌తో కేలెబ్ విలియమ్స్ వచ్చాడు. కరోలైనా ఇచ్చిన పిక్కే అది. కానీ ఒప్పుకుంటాను, 2023కి సంబంధించినంత వరకూ పోల్స్ మాట మీద నిలబడ్డాడు. సూత్రానికి ఒక సొట్ట.

బావ: ఇప్పుడు అసలు సంగతి. ఎందుకింత దాపరికం? మా ఆఫీసులో కొత్తగా చూడటం మొదలుపెట్టిన కుర్రాడు అడిగాడు. ఇష్టమైతే ఇష్టమని చెప్పొచ్చుగా, ఎలాగూ వారంలో తెలుస్తుంది అని.

బామ్మర్ది: ఎందుకంటే గోడకి 31 చెవులు. నీ పిక్ 20 అనుకో. ఫలానా కార్నర్‌బ్యాక్ అంటే ప్రాణమని నువ్వు బయటపడ్డావు. ఇక 25లో ఉన్నవాడు 19లో ఉన్నవాడికి ఫోన్ చేసి, కాస్త ఏదైనా ముట్టజెప్పి, నీ ముందుకొచ్చి నీ కుర్రాణ్ని ఎత్తుకుపోతాడు. లేదా నువ్వే భయపడి ముందుకెళ్దామని 19వ వాడికి ఫోన్ చేస్తే, వాడు నీ ఆత్రం చూసి రేటు పెంచుతాడు. కడుపులో మాట బయటపడితే రెండు రకాలుగా నష్టం.

బావ: మరీ దాచుకుంటే ఇంకో రకం నష్టం. 2017 చికాగో గుర్తుందా? అప్పటి జీఎం రయాన్ పేస్.

బామ్మర్ది: అబ్బ, చికాగోవాళ్లు మన ఎపిసోడ్ ఆపేస్తారు.

బావ: ఆపితే ఆపనీ. ఆయనది మూడో పిక్. ఒక్క మెట్టు, మూడు నుంచి రెండుకి ఎక్కడానికి 67, 111, మరుసటి ఏడాది మూడో రౌండ్ పిక్ ఇచ్చాడు. తీసుకున్నది మిచ్ ట్రుబిస్కీని. ఎవరి నుంచి కొన్నాడు? ఫార్టీనైనర్స్ నుంచి. వాళ్లు మూడుకి దిగి తీసుకున్నది డిఫెన్సివ్ లైన్‌మన్, సాలమన్ థామస్‌ని. ఆయన భయమల్లా ఇంకెవడైనా రెండుకి ఎక్కి ఎగరేసుకుపోతాడనే. అంత గుట్టుగా పని చేశాడు, ఆ గుట్టుకి మూడు పిక్‌ల రేటు కట్టాడు. ఆ డ్రాఫ్ట్‌లోనే పదో పిక్ ఎవరు?

బామ్మర్ది: పాట్రిక్ మహోమ్స్, ఈ తరం క్వార్టర్‌బ్యాక్‌లలో మేటి. చీఫ్స్ వాళ్లు 27 నుంచి ఎక్కి తీసుకున్నారు. 12వ పిక్ డెషాన్ వాట్సన్.

బావ: రహస్యం బాగా దాచాడు. లోపల ఉన్నదేంటో మాత్రం సరిగ్గా చూసుకోలేదు.

బామ్మర్ది: అందులో నాకు మనసు చివుక్కుమనే ముక్క ఒకటుంది. నెలన్నర ముందు మైక్ గ్లెనన్ అనే క్వార్టర్‌బ్యాక్‌తో మూడేళ్లకి సంతకం చేయించారు. నువ్వే మా వాడివని. డ్రాఫ్ట్ రాత్రి అభిమానుల కోసం టీమ్ పెట్టిన పార్టీకి ఆయన్నే అతిథిగా పిలిచారు. ఆ పార్టీలో ఉండగానే ట్రుబిస్కీ పేరు చదివారు.

బావ: ఊహించుకో. చుట్టూ అభిమానులు, ఫోటోలు, చేతిలో ప్లేటు. తెర మీద నీ స్థానంలోకి వచ్చేవాడి మొహం. ఎటు చూడాలి మనిషి?

బామ్మర్ది: నవ్వుతూ చప్పట్లు కొట్టాలి కదా పాపం. 2024లో అట్లాంటా కూడా అంతే. మార్చిలో కర్క్ కజిన్స్‌కి నాలుగేళ్లకి 18 కోట్ల డాలర్లు, అందులో 10 కోట్లు గ్యారంటీ. ఏప్రిల్లో ఎనిమిదో పిక్‌తో మైకేల్ పెనిక్స్ జూనియర్. కజిన్స్‌కి ఫోన్ చేసి చెప్పింది ఎప్పుడు? వాళ్ల పిక్‌కి ఇచ్చిన నిమిషాల గడియారం నడుస్తుండగా. డిసెంబరు వచ్చేసరికి కజిన్స్ బెంచి మీద కూర్చున్నాడు.

బావ: పది కోట్లు గ్యారంటీ ఉన్నవాడి మీద జాలి చూపించమంటావా?

బామ్మర్ది: జాలి కాదులే. డబ్బుకి గ్యారంటీ దొరికింది, కుర్చీకి దొరకలేదు అంటున్నా. అందుకే డ్రాఫ్ట్ ముందు "మా కుర్రాడు మాకున్నాడు" అని ఏ జీఎం అన్నా నాకు గ్లెనన్ చేతిలో ప్లేటే కనపడుతుంది.

బావ: రహస్యాల్లో నన్నడిగితే 2019 రెయిడర్స్‌ని మించినవాళ్లు లేరు. కోచ్ జాన్ గ్రూడెన్, కొత్త జీఎం మైక్ మేయాక్ కలిసి, డ్రాఫ్ట్‌కి ముందు సొంత స్కౌట్లనే ఇంటికి పంపేశారు! ఏడాదంతా ఊళ్లు తిరిగి రిపోర్టులు రాసినవాళ్లని. తీరా నాలుగో పిక్‌తో క్లెలిన్ ఫెరెల్‌ని తీసుకుంటే లోకమంతా నోరు తెరిచింది.

బామ్మర్ది: సొంతవాళ్లకి కూడా చెప్పనిది మనకేం చెబుతారు. నిజాయితీ అంటే బాల్టిమోర్‌దే. రేవెన్స్ వాళ్లు ఏటా డ్రాఫ్ట్ ముందు విలేకరుల్ని భోజనానికి పిలిచి ప్రెస్ మీట్ పెట్టేవాళ్లు. దాన్ని అందరూ సరదాగా ఏమని పిలుస్తారో తెలుసా? "అబద్ధాలకోరుల లంచ్".

బావ: లయర్స్ లంచన్! అది నాకిష్టం. పేరులోనే చెప్పేశారు, ఇక మోసమేముంది. తిను, విను, నమ్మకు.

బామ్మర్ది: ఆజీ న్యూసమ్ జీఎంగా చివరి డ్రాఫ్ట్, 2018. వాళ్లది 16వ పిక్. దాన్ని అమ్మి 22కి దిగారు, మళ్లీ అమ్మి 25కి దిగారు. అక్కడ హేడెన్ హర్స్ట్ అనే టైట్ ఎండ్‌ని తీసుకున్నారు. అప్పటికి లమార్ జాక్సన్ ఇంకా ఆ హాల్లో కూర్చునే ఉన్నాడు. అంతా అయిపోయిందనుకున్న టైమ్‌లో, మొదటి రౌండ్ ఆఖరి పిక్, 32ని ఈగల్స్ దగ్గర కొనుక్కుని వచ్చి లమార్‌ని తీసుకెళ్లారు. 2019లో ఎంవీపీ, అంటే లీగ్‌లోకెల్లా మేటి ఆటగాడు, 2023లో మళ్లీ ఎంవీపీ.

బావ: గుండెలు తీసిన బంట్లు. క్వార్టర్‌బ్యాక్ మీద కన్నున్నవాడు రెండుసార్లు వెనక్కి దిగుతాడని ఎవరనుకుంటారు? నోటితో అబద్ధం ఆడక్కర్లేదు, పిక్‌తోనే ఆడొచ్చు.

బామ్మర్ది: ఇప్పుడు మీ ఇంటికొద్దాం. జెర్రీ జోన్స్.

బావ: ఇందాకటి నుంచీ దీనికోసమే చూస్తున్నావని తెలుసు.

బామ్మర్ది: నోరు కట్టేసుకోవడం తెలియని ఏకైక జీఎం. ఓనరూ ఆయనే, జీఎం కూడా ఆయనే, తీసేసేవాడు లేడు. ఇక భయమేంటి?

బావ: ఒరేయ్, నేను ఫ్రిస్కోలో ఉంటాను. కౌబాయ్స్ హెడ్డాఫీసు మా ఊళ్లోనే. మా తెలుగువాళ్లు శనివారం పిల్లల్ని తీసుకెళ్లి ఆ ఆఫీసు ముందు ఫోటోలు దిగుతారు. గౌరవంగా మాట్లాడు.

బామ్మర్ది: గౌరవంగానే అడుగుతున్నా బావగారూ. 2025 ఆగస్టులో మైకా పార్సన్స్ నన్ను ట్రేడ్ చేసేయండని అడిగితే, అభిమానులకి జెర్రీ ఇచ్చిన సలహా ఏంటి?

బావ: ...దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి అన్నాడు.

బామ్మర్ది: నువ్వు పడుకున్నావా?

బావ: హాయిగా పడుకున్నా. ఆగస్టు 28న లేచేసరికి గ్రీన్ బేకి పంపేశాడు. కెన్నీ క్లార్క్, రెండు మొదటి రౌండ్ పిక్‌లు వచ్చాయి. మీ అక్క అడిగింది, ఏంటండీ మొహం అలా పెట్టారు అని. చెప్పుకోగలనా?

బామ్మర్ది: చూశావా, గట్టి మాట!

బావ: సరే సరే, నీ సూత్రానికి ఇంకో సాక్షి, రాసుకో. కానీ జెర్రీలో నాకు నచ్చేదొకటుంది. దాచడం ఆయనకి చేతకాదు. 2022లో 24వ పిక్‌తో టైలర్ స్మిత్ అనే లైన్‌మన్‌ని తీసుకున్నారు. అంత ముందెందుకు తీసుకున్నారని విలేకరులు సందేహంగా అడిగారు. మామూలు జీఎం అయితే "బోర్డుని నమ్మాం" అని లేచిపోతాడు. మా పెద్దాయన బల్ల మీదున్న కాగితం తీసి, ఇదిగో చూడండి, మా లిస్టులో వీడెక్కడున్నాడో అని వాళ్లవైపు తిప్పి పట్టుకున్నాడు. కెమెరాలన్నీ ఆన్‌లో ఉన్నాయి! పక్కన కొడుకు స్టీఫెన్ కూర్చుని ఉన్నాడు. మిగతా 31 టీములు చచ్చినా చూపించని కాగితం అది.

బామ్మర్ది: తండ్రి ఆస్తి అలా గాలికి ఎగురుతుంటే చూస్తూ కూర్చున్నాడా పాపం!

బావ: అంతకు ముందు 2013లో ఇంకా బాగుంది. డ్రాఫ్ట్ గది వీడియో ఒకటి బయటికొచ్చింది. వెనకాల గోడ మీద బోర్డు. అభిమానులు కూర్చుని ఆ మసక బొమ్మల్ని పెద్దవి చేసి, ఒక్కో పేరూ కూడబలుక్కుని మొత్తం బోర్డు రాసేశారు. అందులో తేలిందేంటంటే, షరీఫ్ ఫ్లాయిడ్ అనే వాడు మా బోర్డులో ఐదోవాడు. మాకు 18వ పిక్ వచ్చేసరికి వాడు ఇంకా దొరుకుతున్నాడు. ఐదోవాడు పద్దెనిమిదిలో దొరికితే పండగే కదా?

బామ్మర్ది: తీసుకోలేదా?

బావ: 18ని అమ్మేసి 31కి దిగారు. అక్కడ ట్రావిస్ ఫ్రెడరిక్ అనే సెంటర్‌ని తీసుకున్నారు. ఆ బోర్డు మీద వాడిది రెండో రౌండ్ లెక్క.

బామ్మర్ది: అంటే బోర్డుని నమ్మలేదు.

బావ: ఏమాత్రం నమ్మలేదు! అభిమానులు రాళ్లేసినంత పనిచేశారు. తీరా ఏమైంది? ఫ్రెడరిక్ ఐదుసార్లు ప్రో బౌల్‌కి, అంటే మేటి ఆటగాళ్ల జట్టుకి, ఎంపికయ్యాడు. మా లైన్‌కి నడుం వాడే. ఇప్పుడు చెప్పు, "మేం బోర్డుని నమ్ముతాం" అని మైకు ముందు ఎవడన్నా అంటే నేనేమనుకోవాలి? నమ్మితే మాకు ఫ్రెడరిక్ వచ్చేవాడా?

బామ్మర్ది: నా సూత్రం కన్నా ఇది ఘోరంగా ఉంది బావా. జీఎం దాచుకుంటున్న ఆ రహస్యం మీద ఆయనకే నమ్మకం లేదంటున్నావు.

బావ: గురువారం రాత్రి గది వేడెక్కి, ఫోన్లు మోగుతుంటే కాగితం ఎవడు చూస్తాడ్రా. చెప్పాగా, మా కాగితం కూడా ఆయన విలేకరులకే చూపించాడు.

బామ్మర్ది: సరే, టైమైంది. వింటున్నవాళ్లు మీ టీమ్ జీఎం ఈ వారం చెప్పిన మాటల్లో అన్నిటికన్నా పస లేనిదాన్ని వాయిస్ మెసేజ్‌లో పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం. గురువారం రాత్రి ఈస్టర్న్ టైమ్ 8 గంటలకి డ్రాఫ్ట్ మొదలు, మేం లైవ్‌లో ఉంటాం. ఇండియాలో వినేవాళ్లకి శుక్రవారం తెల్లారి ఐదున్నర.

బావ: కాఫీ పెట్టుకుని కూర్చోండి. మా పిక్ వచ్చేసరికి టిఫిన్ కూడా అయిపోవచ్చు, అమ్మేసి కిందకి దిగుతారేమో.

బామ్మర్ది: ఉంటాం మరి. అక్కకి ఫోనివ్వు బావా, ఆవకాయ సంగతి మాట్లాడాలి.